వీలునామాలో రాసిన ఇల్లు ఎప్పుడు మీదవుతుంది?

స్థిరాస్తిని వీలునామా ద్వారా ఇవ్వడం గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. ప్రశ్నలు వేర్వేరు కుటుంబాలవే అయినా, వీలునామా రాసిన రోజునే ఆస్తి చేతులు మారిందన్న అపోహ చాలావాటిలో కనిపిస్తోంది. అందుకే మొదటి జవాబును కాస్త విస్తరించి రాస్తున్నాం. తర్వాతి జవాబులకు అదే ఆధారం.

ప్రశ్న: మా నాన్నగారు స్వార్జితంతో కట్టిన ఇల్లు నాకు చెందాలని వీలునామా రాసి, సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్టరు కూడా చేయించారు. అసలు కాగితం నా దగ్గరే ఉంది. ఇప్పుడు ఆయన మనసు మార్చుకుని ఆ ఇంటిని అమ్మేస్తానంటున్నారు. రిజిస్టరైన వీలునామా ఉండగా అమ్మకాన్ని ఆపే హక్కు నాకు లేదా?
— ఒక పాఠకురాలు

జవాబు: ఆ హక్కు మీకు లేదు. బాధ కలిగించే మాటే అయినా ముందే స్పష్టంగా చెప్పడం మంచిది.

ఒక వ్యక్తి తన ఆస్తి విషయంలో తన మరణానంతరం ఏది అమలు కావాలని కోరుకుంటున్నారో తెలిపే చట్టబద్ధమైన ప్రకటనే వీలునామా అని 1925 నాటి భారత వారసత్వ చట్టం నిర్వచించింది. విక్రయ దస్తావేజుగానీ, దాన సెటిల్మెంటు దస్తావేజుగానీ రాసి రిజిస్టరు చేస్తే ఆస్తి మీద హక్కు ఒకరి నుంచి మరొకరికి అప్పుడే వెళ్లిపోతుంది. వీలునామాతో అలా వెళ్లదు. రాసినవారు జీవించి ఉన్నంతకాలం ఇంటికి వారే సంపూర్ణ యజమాని. అద్దె వారిదే, తాకట్టు పెట్టే హక్కు వారిదే, అమ్ముకునే హక్కూ వారిదే. వారు కన్నుమూసే నాటికి ఆ ఇల్లు వారి ఆస్తిగానే మిగిలి ఉండి, మీ దగ్గరున్నదే వారి చివరి వీలునామా అయినప్పుడు మాత్రమే మీకు హక్కు పుడుతుంది. అంతవరకు మీకున్నది ఆశ మాత్రమే. ఆశను ఆధారం చేసుకుని కోర్టులో ఇంజంక్షన్ (అమ్మకాన్ని ఆపే ఉత్తర్వు) తెచ్చుకోవడం కుదరదు.

రిజిస్ట్రేషన్ వల్ల ఈ పరిస్థితి మారదు. వీలునామా రాసినవారు తమ ఆస్తిని వీలు ద్వారా ఇచ్చే సామర్థ్యంతో ఉన్నంతకాలం దాన్ని ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చని, మార్చుకోవచ్చని ఆ చట్టంలోని 62వ సెక్షన్ చెబుతోంది. ‘ఇకపై దీన్ని మార్చను’ అని అందులోనే రాసుకున్నా ఆ మాటకు కట్టుబడవలసిన పని లేదు. తర్వాత ఇంకో వీలునామా రాయవచ్చు, సాక్షుల సమక్షంలో రద్దు పత్రం రాయవచ్చు, రద్దు చేయాలన్న ఉద్దేశంతో అసలు కాగితాన్ని చింపవచ్చు లేదా కాల్చవచ్చు. రిజిస్టరైన వీలునామాను రిజిస్టరు కాని తర్వాతి వీలునామా సైతం రద్దు చేయగలదు, రెండోది సక్రమంగా రాసినదని రుజువైతే చాలు.

ఇల్లు అమ్ముడైతే ఆ ఇంటికి సంబంధించినంత వరకు వీలునామాలోని మాటకు విలువ పోతుంది. ఫలానా ఇల్లు అని గుర్తించి ఇచ్చిన ఆస్తి, రాసినవారు పోయే నాటికి వారిది కాకపోతే ఆ ఇవ్వడమే నిష్ఫలమవుతుంది. అమ్మగా వచ్చిన సొమ్ము బ్యాంకులో ఉన్నా, ఇంటికి బదులుగా ఆ సొమ్మంతా నాదేనని మీరు అడగలేరు. ఆ సొమ్ము గురించి వీలునామాలో వేరే ఏర్పాటు లేకపోతే అది వారసులందరికీ చెందుతుంది. కుటుంబం హిందూ వారసత్వ చట్టం కిందికి వచ్చేదైతే కూతురిగా మీరూ మొదటి తరగతి వారసులే కాబట్టి మీ వాటా మీకు వస్తుంది.

కొనబోయేవారు తీసే ఈసీలో (ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలను చూపే ధ్రువపత్రంలో) మీ వీలునామా కనిపించకపోవడం కూడా మిమ్మల్ని ఆశ్చర్యపరచవచ్చు. స్థిరాస్తి లావాదేవీలు రిజిస్ట్రారు కార్యాలయంలో ఒకటో పుస్తకంలో ఎక్కితే వీలునామాలు మూడో పుస్తకంలో ఎక్కుతాయి. రాసినవారు బతికి ఉండగా దాని నకలు వారికి లేదా వారి ఏజెంటుకు తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. వారి మరణం తర్వాతే ఇతరులు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆస్తిపై అప్పటికి ఎవరికీ ఏ హక్కూ పుట్టలేదు కాబట్టే ఈ గోప్యత.

అయితే మీ దగ్గరున్న కాగితాన్ని ఒకసారి న్యాయవాదికి చూపించండి. పైన ‘వీలునామా’ అని రాసి ఉన్నంత మాత్రాన అది వీలునామా అయిపోదు, ‘సెటిల్మెంటు’ అని ఉన్నంత మాత్రాన సెటిల్మెంటూ అయిపోదు. కోర్టులు శీర్షికను పక్కనపెట్టి లోపలి మాటలను చూస్తాయి. ‘నా తదనంతరం నీవు సర్వహక్కులతో అనుభవించవలెను’ అని ఉంటే అది వీలునామా. ‘ఈ రోజే నీకు దఖలు పరచినాను, నా జీవితకాలం అందులో నివసించే హక్కు మాత్రం ఉంచుకున్నాను’ అని ఉంటే హక్కు అప్పుడే మీకు వచ్చినట్టు, ఇక ఆయన ఏకపక్షంగా రద్దు చేయలేరు. పాత దస్తావేజుల్లో ఈ రెండు ధోరణుల మాటలూ కలగలిసి ఉండటం వల్ల తలెత్తిన వ్యాజ్యాలు తక్కువేమీ కాదు.

ఆయన చేత ఇప్పుడే సెటిల్మెంటు రాయించుకోవచ్చు కదా అన్న ఆలోచన మీకు రావచ్చు. చట్టం అందుకు అడ్డు చెప్పదు. స్టాంపు డ్యూటీ కట్టి, ఇద్దరు సాక్షులతో రిజిస్టరు చేస్తే ఇల్లు మీదవుతుంది. కానీ వయసు మళ్లిన తల్లిదండ్రులకు నేనెప్పుడూ తొందరపడి అలా రాయవద్దనే చెబుతాను. వీలునామా రాసిన తండ్రి తన ఇంట్లో యజమానిగానే ఉంటారు, సెటిల్మెంటు రాసిన తండ్రి పిల్లల దయ మీద ఉంటారు. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టం, 2007లోని 23వ సెక్షన్ కింద, పోషిస్తామన్న షరతుతో పిల్లలు తీసుకున్న ఆస్తిని, వారు ఆ షరతు తప్పితే తల్లిదండ్రులు వెనక్కి తీసుకునే మార్గం ఉన్నా, ముసలితనంలో ట్రిబ్యునల్ చుట్టూ తిరగవలసి రావడమే ఒక కష్టం. మీ నాన్నగారు అమ్మాలనుకోవడానికి కారణమేమిటో అడిగి తెలుసుకోండి. వైద్యానికో అప్పుకో డబ్బు అవసరమైతే, ఇల్లు నిలుపుకునే దారి ఇద్దరూ కలిసి వెతకవచ్చు.

ప్రశ్న: తాతగారి నుంచి వచ్చిన నాలుగెకరాల పొలం, నాన్న తన ఉద్యోగ సంపాదనతో కట్టిన ఇల్లు ఉన్నాయి. రెండూ మా అన్నయ్యకే చెందాలని నాన్న వీలునామా రాసి పోయారు. నేను, మా అక్క ఏమీ అడగకూడదా?
— ఒక పాఠకుడు

జవాబు: ఇంటి సంగతి, పొలం సంగతి విడివిడిగా చూడాలి. ఎవరైనా తనకున్నంతవరకే వీలునామా ద్వారా ఇవ్వగలరు, తనది కానిది ఇస్తున్నట్టు రాసినా అది చెల్లదు.

ఇల్లు మీ నాన్నగారి స్వార్జితం కాబట్టి తనకు నచ్చినవారికి ఇచ్చే పూర్తి స్వేచ్ఛ ఆయనకు ఉంది. ఒక కొడుక్కే ఇచ్చారన్న కారణంతో వీలునామాను కొట్టివేయరు. పిల్లలందరికీ సమానంగా ఇవ్వాలన్న నియమం హిందువుల వీలునామాల విషయంలో లేదు. భార్య, మైనరు పిల్లలు, పెళ్లికాని కూతురు వంటి ఆశ్రితులకు వీలునామాలో ఏమీ ఇవ్వకపోతే, ఆస్తి పొందినవారి నుంచి మనోవర్తి కోరే హక్కును మాత్రం 1956 నాటి హిందూ దత్తత, పోషణ చట్టం ఇస్తోంది. మీ అమ్మగారు జీవించి ఉంటే ఈ విషయం గుర్తుంచుకోండి.

పొలం విషయంలో మన ఇళ్లలో ఒక పొరపాటు అభిప్రాయం బాగా పాతుకుపోయి ఉంది. తాత నుంచి తండ్రికి వచ్చిన ప్రతిదీ పిత్రార్జితమేనని, అందులో పుట్టుకతోనే మనవళ్లకు వాటా ఉంటుందని చాలామంది నమ్ముతారు. 1956 జూన్ 17న హిందూ వారసత్వ చట్టం అమల్లోకి వచ్చాక ఈ మాట అన్ని సందర్భాల్లోనూ నిజం కాదు. మీ తాతగారి స్వార్జితమైన పొలం, ఆ తేదీ తర్వాత ఆయన మరణించడం వల్ల వారసత్వంగా మీ నాన్నగారికి వచ్చి ఉంటే అది నాన్నగారి సొంత ఆస్తి కిందే లెక్క. 1986లో చందర్ సేన్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. అలాంటప్పుడు పొలం కూడా ఇల్లు లాంటిదే, వీలునామా చెల్లుతుంది.

అలాకాక ఆ పొలం తరతరాలుగా పంపకం కాని ఉమ్మడి కుటుంబ ఆస్తి అయితే మీ నాన్నగారు అందులోని తన వాటాను మాత్రమే వీలునామాలో ఇవ్వగలరు. విడిపోని వాటాను వీలునామాలో రాయడమే 1956కు ముందు సాధ్యం కాదు. ఆ చట్టంలోని 30వ సెక్షన్ ఆ వెసులుబాటు కల్పించింది. కూతుళ్ల హక్కు కూడా ఇక్కడే లెక్కలోకి వస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు, కొడుకులతో సమానంగా పుట్టుకతో వచ్చే హక్కు లభించింది. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణ వల్ల పెళ్లయినవారికీ ఆ హక్కు దక్కింది. ఆ తేదీకి తండ్రి జీవించి ఉండాలన్న నిబంధన లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2004 డిసెంబరు 20కి ముందే చట్టబద్ధంగా పంపకాలు పూర్తయి ఉంటే మాత్రం వాటిని తిరగదోడరు.

ఈ లెక్కన నాన్నగారు, మీ అన్నదమ్ములిద్దరు, మీ అక్క కలిసి నాలుగు వాటాలు అనుకుంటే, నాన్నగారి వంతు ఒక ఎకరం. వీలునామా వల్ల ఆ ఎకరం మీ అన్నయ్యకు అదనంగా దక్కుతుంది. మీ ఎకరం, మీ అక్క ఎకరం మీవే. పొలం మొదట ఎవరి పేరిట, ఎప్పుడు, ఎలా వచ్చిందో తేల్చే పాత దస్తావేజులు, పహాణీ నకళ్లు ముందు సేకరించండి. కేసు నిలబడేదీ ఓడిపోయేదీ ఆ కాగితాల మీదే.

ప్రశ్న: మేము ముస్లింలం. నా ఇంటిని చిన్న కూతురికే రాయాలనుకుంటున్నాను. వీలవుతుందా?
— ఒక పాఠకుడు

జవాబు: ముస్లిం న్యాయం ప్రకారం అంత్యక్రియల ఖర్చులు, అప్పులు పోగా మిగిలిన ఆస్తిలో మూడో వంతుకు మించి వీలునామా ద్వారా ఇవ్వాలంటే వారసుల సమ్మతి కావాలి. సున్నీలకు వర్తించే హనఫీ న్యాయంలో, వారసుల్లో ఒకరికే ఇవ్వదలిస్తే మూడో వంతు లోపలైనా మిగతా వారసులు సమ్మతించాలి, ఆ సమ్మతి కూడా మీ మరణానంతరం ఇచ్చినదై ఉండాలి. కూతురు వారసురాలే కాబట్టి మీ ఒక్కరి సంకల్పంతో ఇది నెరవేరదు. మీ జీవితకాలంలోనే ఇంటిని స్వాధీనపరుస్తూ హిబా (దానం) ఇవ్వడానికి ఈ పరిమితి లేదు. కానీ మొదటి జవాబులో చెప్పిన హెచ్చరిక దానికీ వర్తిస్తుంది.

ప్రశ్న: వీలునామాను స్టాంపు కాగితం మీదే రాయాలా? రిజిస్టరు చేయించకపోతే చెల్లదా? సాక్షులుగా ఎవరిని పెట్టుకోవాలి?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: స్టాంపు కాగితం అక్కరలేదు, తెల్ల కాగితం చాలు. ఎంత విలువైన స్థిరాస్తి అయినా వీలునామా రిజిస్ట్రేషన్ ఐచ్ఛికమేనని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 18వ సెక్షన్ చెబుతోంది. రాసిన తర్వాత ఎప్పుడైనా రిజిస్టరు చేయించవచ్చు, గడువు లేదు. కవరులో పెట్టి సీలు వేసి జిల్లా రిజిస్ట్రారు వద్ద భద్రపరచే సౌకర్యం కూడా ఉంది. రిజిస్టరు చేయించమనే నా సలహా. కాగితం పోయినా నకలు దొరుకుతుంది, తేదీ గురించి తగాదా ఉండదు. కానీ రిజిస్ట్రేషన్ ఉంది కదా అని సాక్షుల విషయంలో నిర్లక్ష్యం చేస్తే మొత్తం వ్యర్థమవుతుంది.

భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం రాసినవారు సంతకంగానీ వేలిముద్రగానీ వేయాలి. అది కనీసం ఇద్దరు సాక్షులు చూడాలి, లేదా ‘ఇది నా సంతకమే’ అని రాసినవారు స్వయంగా చెప్పగా వినాలి. ఆ సాక్షుల్లో ప్రతి ఒక్కరూ రాసినవారి ఎదుటే సంతకం చేయాలి. సాక్షులిద్దరూ ఒకే సమయంలో ఉండాలన్న నియమం లేదు, లోపల ఏముందో వారికి తెలియవలసిన అవసరమూ లేదు. దస్తావేజు రాసిన రైటరు కింద చేసే సంతకాన్ని సాక్షి సంతకంగా లెక్కపెట్టుకోకండి. సాక్ష్యం పలకాలన్న ఉద్దేశంతో చేసిన సంతకమే సాక్షి సంతకం.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, వీలునామా గురించి ప్రశ్న వచ్చే నాటికి దాన్ని రాసిన మనిషి చెప్పడానికి ఉండరు. వారి తరఫున మాట్లాడేది సాక్షులే. సాక్షి బతికి ఉండి కోర్టుకు రాగలిగిన స్థితిలో ఉంటే కనీసం ఒకరినైనా విచారించాలని భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 67వ సెక్షన్ నిర్దేశిస్తోంది. పాత సాక్ష్య చట్టంలోనూ ఇదే నిబంధన 68వ సెక్షన్‌గా ఉండేది. రిజిస్టరైన ఇతర దస్తావేజులకు ఇచ్చిన మినహాయింపు వీలునామాకు లేదు. కాబట్టి మీకంటే వయసులో చిన్నవారిని, చిరునామా స్థిరంగా ఉన్నవారిని, ఆస్తితో ఏ ప్రయోజనమూ లేనివారిని ఎంచుకోండి. క్రైస్తవులు, పార్సీల వీలునామాల్లో సాక్షికిగానీ సాక్షి భార్యకు లేదా భర్తకుగానీ రాసిన ఆస్తి వారికి చెందదు. హిందువులకు ఈ నిబంధన వర్తించకపోయినా, లబ్ధి పొందేవారే సాక్షి సంతకం చేస్తే కోర్టు అనుమానంతోనే చూస్తుంది.

అనుమానం అన్న మాటకు ఈ విషయంలో చాలా బరువుంది. వీలునామా చుట్టూ సందేహాస్పద పరిస్థితులుంటే వాటిని నివృత్తి చేయవలసిన బాధ్యత వీలునామాను చూపించే వ్యక్తిదేనని 1959లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఇప్పటికీ కోర్టులు ఆ తీర్పునే కొలమానంగా తీసుకుంటాయి. ఆసుపత్రి మంచం మీద వేయించిన వేలిముద్ర, వణికిన సంతకం, ఆస్తి పొందేవారే దగ్గరుండి అంతా నడిపించడం, కారణం చెప్పకుండా కన్నబిడ్డలను వదిలేయడం ఇలాంటివే. మీరు ఎవరికైనా ఇవ్వకూడదనుకుంటే ఎందుకో ఒక వాక్యంలో రాయండి. ‘పెద్ద కుమారునికి గతంలోనే స్థలం కొని ఇచ్చినందున’ అన్న చిన్న మాట తర్వాతి తగాదాలో మీ మనసును చెబుతుంది. ఆస్తి వివరాల్లో సర్వే నంబరు, ఇంటి నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, మీకు హక్కు వచ్చిన దస్తావేజు నంబరు తప్పక ఉండాలి.

ప్రశ్న: ఇల్లు నా భార్య జీవితకాలం అనుభవించి, ఆమె తర్వాత మా అబ్బాయికి చెందాలని రాయవచ్చా? ఆమె కంటే ముందే అబ్బాయికి ఏదైనా జరిగితే?
— ఒక పాఠకుడు

జవాబు: రాయవచ్చు. అప్పుడు ఆమెకు నివసించే హక్కు, అద్దె తీసుకునే హక్కు ఉంటాయి, అమ్మే హక్కు ఉండదు. మీ మరణంతోనే అబ్బాయి హక్కు స్థిరపడుతుంది, స్వాధీనం మాత్రమే తల్లి తర్వాతకు వాయిదా పడుతుంది. కాబట్టి మీ తర్వాత, తల్లి కంటే ముందు అతను పోతే ఆ హక్కు అతని వారసులకు చేరుతుంది. మీ కంటే ముందే పోతే, అతనికి సంతానం ఉండి వారు మీ మరణానికి జీవించి ఉన్నప్పుడు, వీలునామాలో మరో విధంగా లేనంతవరకు, ఆ ఇవ్వడం రద్దు కాదు. సంతానం లేకపోతే రద్దవుతుంది. అలా జరిగితే ఎవరికి చెందాలో మీరే మరో పేరు రాసి ఉంచండి.

ఇందులో ఒక చిక్కు ఉంది. హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం, అంతకుముందే ఉన్న మనోవర్తి హక్కుకు బదులుగా స్త్రీకి ఇచ్చిన ఆస్తి, పరిమితులతో ఇచ్చినా సంపూర్ణ హక్కుగా మారుతుంది. మన ప్రాంతం నుంచే వెళ్లిన తులసమ్మ కేసులో 1977లో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని విస్తృతంగా అన్వయించింది. వీలునామా ద్వారా కొత్తగా ఇచ్చిన పరిమిత హక్కు మాత్రం పరిమితంగానే ఉంటుంది. ఏది ఏ కోవలోకి వస్తుందో మీరు వాడే మాటల మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి ఈ ఒక్క వాక్యాన్ని అనుభవమున్న న్యాయవాది చేతనే రాయించండి. నన్నడిగితే, జీవితాంతం మీతో నడిచిన మనిషికి అవసరమైతే వైద్యానికి అమ్ముకునే అధికారం కూడా ఇవ్వడం న్యాయం.

ప్రశ్న: ఒక ప్లాటు యజమాని విక్రయ దస్తావేజు వద్దని, అగ్రిమెంటు, జీపీఏ (ఆయన తరఫున వ్యవహరించే అధికారపత్రం), నా పేరిట వీలునామా రాసి ఇస్తానంటున్నారు. రిజిస్ట్రేషన్ ఖర్చు కలిసొస్తుందట. తీసుకోవచ్చా?
— ఒక పాఠకుడు

జవాబు: తీసుకోకండి. డబ్బంతా ఇచ్చినా అలాంటి కాగితాల వల్ల యాజమాన్యం రాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. అమ్మినాయన ఆ వీలునామాను మరునాడే మీకు తెలియకుండా రద్దు చేయవచ్చు. ఆయన చనిపోతే మామూలుగా జీపీఏ కూడా ఆయనతోనే ముగుస్తుంది.

ప్రశ్న: మా అమ్మగారు ఇల్లు నాకు రాసి పోయారు. దానిపై ఆమె తీసుకున్న బ్యాంకు అప్పు ఇంకా ఉంది. తమ్ముడు అభ్యంతరం చెప్పడంతో రికార్డుల్లో పేరు మార్చడం లేదు. ప్రొబేటు (వీలునామా నిజమైనదేనన్న కోర్టు ధ్రువీకరణ) తెచ్చుకోవాలా?
— ఒక పాఠకురాలు

జవాబు: అప్పు ఇంటితో పాటే వస్తుంది. అమ్మగారు తనఖా పెట్టిన ఇంటిని మీరు స్వీకరిస్తే, వీలునామాలో వేరే ఏర్పాటు లేనంతవరకు ఆ బాకీ తీర్చవలసింది మీరే, తమ్ముడిని సగం కట్టమని అడగలేరు. వాయిదాలు ఆగకుండా చూసుకుంటూ, మరణ ధ్రువపత్రంతో బ్యాంకును వెంటనే కలవండి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో రాసి, ఇక్కడి ఆస్తికే సంబంధించిన హిందువుల వీలునామాకు ప్రొబేటు తప్పనిసరి కాదు. మ్యుటేషన్, అంటే రికార్డుల్లో పేరు మార్పు అన్నది పన్నుల వసూలు కోసం ఉద్దేశించిన నమోదు మాత్రమే. దానివల్ల హక్కు రాదు, అది లేకపోవడం వల్ల హక్కు పోదు. వీలునామా నిజమైనదా కాదా అన్న వివాదాన్ని మున్సిపల్ కార్యాలయంగానీ తహసీల్దారుగానీ తేల్చలేరు కాబట్టి, తమ్ముడు అభ్యంతరాన్ని వదులుకోకపోతే మీ హక్కును ప్రకటించమని సివిల్ కోర్టులో దావా వేయాలి. ఆ లోపు రెండు పనులు చేయండి. వీలునామా రిజిస్టరై ఉంటే సబ్ రిజిస్ట్రారు కార్యాలయం నుంచి ధ్రువీకరించిన నకలు తీసుకోండి. సాక్షులిద్దరూ ఇప్పుడు ఎక్కడ ఉన్నారో, వారి ఆరోగ్యం ఎలా ఉందో కనుక్కొని మీ న్యాయవాదికి చెప్పండి. వారిలో ఎవరైనా బాగా వృద్ధులైతే, దావా వేశాక వారి వాంగ్మూలం ముందుగా నమోదు చేయమని కోర్టును కోరవచ్చు.